వంద దాకా చెప్తాడు, ఐదు బాదం పప్పులు తేలేడు

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది అనంతపురం. ఉద్యోగాల కోసం వచ్చి ఎనిమిదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. పాపకు ఏడేళ్ళు, బాబుకు నాలుగేళ్ళ మూడు నెలలు. బాబు గురించే నా టెన్షన్. ఇంగ్లీషులో వంద దాకా గడగడా చెప్తాడు, కానీ ఐదు బాదం పప్పులు తెమ్మంటే గుప్పెడు పట్టుకొస్తాడు. రాగిజావ ఇద్దరికీ సమానంగా పోసినా, అక్క గ్లాసు పొడుగ్గా ఉంటే తనకు తక్కువ పోశానని ఏడుపు. వాడి కళ్ళముందే గ్లాసు మార్చి పోసి చూపించినా ఒప్పుకోడు. ‘రేపు అవ్వ వాళ్ళింటికి పోయాం కదా’ అంటాడు. ఊరికి వెళ్తుంటే, బాగేపల్లి దాటాక చందమామ మన కారు వెంటే వస్తున్నాడంటాడు. ఆడుకుంటూ తనలో తనే మాట్లాడుకుంటాడు. మొన్న మూతంతా చాక్లెట్ పూసుకుని ‘నేను తినలేదు’ అన్నాడు. ఇంట్లో తెలుగు, పనికొచ్చే ఆంటీతో కన్నడ, అపార్ట్‌మెంట్ పిల్లలతో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు, అన్నీ కలిపేస్తాడు. ప్లే స్కూల్ టీచర్ ‘కాన్సెప్టుల్లో వెనకబడ్డాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి’ అన్నారు. మా ఆడపడుచు కూతురిది వీడి ఈడే, అప్పుడే కూడికలు చేసేస్తోంది. మెదడు చురుగ్గా అవుతుందని దగ్గర్లో ఏవో క్లాసులు చెప్తున్నారు. చేర్పించమంటారా? మా వాడి బుర్ర నిజంగానే మందమా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. మీ బాబు బుర్ర మందం కాదు. మీరు రాసినవన్నీ నాలుగేళ్ళ పిల్లలు మామూలుగా చేసేవే. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే ఊళ్ళో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల మధ్య గడిపినదాన్ని. మీ ఉత్తరం చదువుతుంటే నా క్లాసులో చాప మీద కూర్చున్నట్టే ఉంది.

అయితే ‘పెద్దయితే అన్నీ అవే వస్తాయిలే’ అని మిమ్మల్ని పంపించేయడం నాకిష్టం లేదు. మీరు తప్పులని రాసిన ప్రతిదాని వెనకా మీ వాడి లెక్క ఒకటుంది. అది మీకు కనపడితే సగం దిగులు పోతుంది, వాడితో ఏం మాట్లాడాలో కూడా తెలుస్తుంది.

సుమారు వందేళ్ళ కిందట స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే అనే కుర్రవాడు పారిస్‌లో ఒక పనికి కుదిరాడు. పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టి, ఎవరు ఎన్నిటికి సరిగ్గా చెప్పారో చూడాలి. చేస్తూ చేస్తూ ఉంటే ఆయన చూపు తప్పు జవాబుల మీద పడింది. ఒక ఈడు పిల్లలు ఒకే రకం తప్పు చేస్తున్నారు. ఊరికే తెలియక చెప్పిందయితే తలా ఒకటి చెప్పాలి కదా? అందరూ అదే చెప్తున్నారంటే, ఆ వయసులో అందరికీ నిజమనిపించే ఆలోచన ఏదో ఉండాలి. ఆయన మార్కులు వేయడం పక్కనపెట్టి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ‘నీకెలా తెలిసింది? ఎందుకనుకుంటున్నావు?’ అని అడుగుతూ, 1980లో కన్నుమూసేదాకా పిల్లల ఆలోచన మీదే పనిచేశాడు. తన ముగ్గురు పిల్లలనూ ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి గమనించి రాసుకున్నాడు.

మీ రాగిజావ గొడవ ఉంది చూశారూ, అది అచ్చంగా పియాజే చేసిన ప్రయోగమే. ఆయన ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా పోసి, ఒకదాంట్లోది సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపేవాడు. ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉంది అంటే, ఆరేడేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువమంది పొడుగు గ్లాసే చూపించేవారు. కళ్ళెదుటే ఒంపినా సరే. ఎందుకంటే ఆ వయసులో కంటికి కొట్టొచ్చినట్టు కనపడేది ఒక్కటే బుర్రలో నిలుస్తుంది. ఇక్కడ అది ఎత్తు. గ్లాసు సన్నబడింది కాబట్టి ఎత్తు పెరిగింది అని రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడటం ఇంకా చేతకాదు. ‘మళ్ళీ పాత గ్లాసులో పోస్తే ఎంత ఉంటుంది’ అని మనసులోనే వెనక్కి నడవడమూ రాదు. వాడు మొండికేయడం లేదమ్మా. వాడికి నిజంగానే అక్కకు ఎక్కువ కనపడుతోంది. మీరు సమానమే అంటుంటే, కళ్ళెదుట ఉన్నదాన్ని అమ్మ కాదంటోందేమిటని వాడికి బాధ.

ఏం చేయాలి? ఏడుపు ఆగాలంటే రేపట్నుంచి ఇద్దరికీ ఒకే రకం గ్లాసులివ్వండి. అక్కడ వాదించి గెలిచేదేం లేదు. ‘రెండూ సమానం’ అని బలవంతంగా అనిపించినా చిలకపలుకే అవుతుంది. కానీ పోయడం, ఒంపడం వాడి చేతికివ్వండి. స్నానానికి రెండు చెంబులు, ఒక మగ్గు, ఖాళీ షాంపూ సీసా. ఆదివారం వంటింట్లో ఒక పళ్ళెం నిండా బియ్యం. ఈసారి అనంతపురం వెళ్ళినప్పుడు అత్తమ్మగారి అటక మీద పాత సేరు, పావుసేరు ఉంటే తెచ్చుకోండి. పావుసేరుతో నాలుగుసార్లు పోస్తే సేరు నిండుతుందని మీరు చెప్పకండి. వాడే పోసుకోనివ్వండి. ఒకరోజు ‘అమ్మా, మళ్ళీ నాలుగే పట్టాయి!’ అని అరుస్తాడు. ఆ అరుపు కోసం ఆగాలి.

ఇక్కడే ఇంకో మాట. పియాజే చెప్పిందంతా చివరి మాటేం కాదు. 1970లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మార్గరెట్ డోనాల్డ్‌సన్ బృందం ఇలాంటి ప్రయోగాన్నే కాస్త మార్చి చేసింది. సమానంగా పేర్చిన రెండు వరసల బిళ్ళల్లో ఒక వరసను పరీక్ష పెట్టేవాళ్ళు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొడుతుంది. అప్పుడు ‘రెండూ సమానమే’ అన్న పిల్లలు చాలా ఎక్కువమంది అయ్యారు. పెద్దవాళ్ళు పనిగట్టుకుని వరస మార్చి, అడిగిందే మళ్ళీ అడిగితే, పిల్లలు ‘నా మొదటి జవాబు తప్పేమో, మార్చి చెప్పాలేమో’ అనుకుంటారట. టేబుల్‌కి అటువైపు కూర్చుని ‘టెల్ మీ, విచ్ ఈజ్ మోర్?’ అని అడిగే కొత్త ఆంటీ ముందు మీ వాడు తడబడ్డాడంటే, వాడికి తెలియదని కాదు. ఆమెకు ఏం కావాలో అర్థం కాకపోయి ఉండొచ్చు. ‘కాన్సెప్టుల్లో వెనకబడ్డాడు’ అన్నారు కదా, ఏ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాడో టీచర్‌ని నెమ్మదిగా అడగండి. తప్పు పట్టినట్టు కాకుండా, తెలుసుకోవాలని.

బాదం పప్పుల సంగతి నాకు మరీ ఇష్టమైనది.

వంద దాకా చెప్పడం ఒక పాట నోటికి రావడం లాంటిది. వరస తప్పకుండా చెప్పడం గొప్పే, కానీ అది లెక్క కాదు. ‘ఐదు’ అనే మాటకు ఇన్ని వస్తువులని అర్థం తెలియడం వేరే పని, దానికి చాలా కాలం పడుతుంది. కేరెన్ విన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990 ప్రాంతంలో చిన్నపిల్లలను ‘ఒకటి ఇవ్వు, రెండు ఇవ్వు, మూడు ఇవ్వు’ అని అడిగి చూశారు. పిల్లలకు ముందు ‘ఒకటి’ మాత్రమే తెలుస్తుంది. అంతకు మించి ఎన్ని అడిగినా గుప్పెడు తీసి ఇచ్చేస్తారు, మీ వాడిలాగే. కొన్ని నెలలకు ‘రెండు’ వస్తుంది. ఇంకొన్ని నెలలకు ‘మూడు’. అలా ఒక్కో మెట్టూ ఎక్కాక ఒక దశలో ఉన్నట్టుండి తాళం ఊడివస్తుంది. లెక్కపెట్టేటప్పుడు చివర పలికిన అంకే ‘మొత్తం ఎన్ని’ అన్నదానికి జవాబని తెలిసిపోతుంది. ఇక ఐదైనా తొమ్మిదైనా ఒకటే. ఇది కొందరికి మూడున్నరేళ్ళకే వస్తుంది, కొందరికి నాలుగు దాటాక వస్తుంది.

నా క్లాసులో ఒక పాప ఉండేది. చింతగింజలు ఐదు పెడితే వేలు పెట్టి ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు’ అనేది. ‘అయితే ఎన్ని ఉన్నాయి?’ అంటే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేది. మళ్ళీ అడిగితే మళ్ళీ లెక్కే. విసుగు లేదు, ఎన్నిసార్లయినా సరే. ఆ పాపకు ‘ఎన్ని’ అంటే ‘లెక్కపెట్టు’ అని అర్థం. నేను సరిదిద్దలేదు, రోజూ గింజలు మాత్రం పెట్టాను. వానాకాలం పోయి చలి మొదలైంది. ఒక పొద్దున లెక్కపెట్టేసి, గింజల మీద అరచెయ్యి బోర్లించి, నేను అడగకముందే నా ముఖంలోకి చూసి ‘అయిదు. లెక్కపెట్టేశాను కదా!’ అంది. ఇదేం ప్రశ్న అన్నట్టు. ఆ చెయ్యి బోర్లించడం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

మీరు ఇవాళ రాత్రి ఒక బాదం పప్పు అడగండి. తర్వాత రెండు, తర్వాత మూడు. ఎక్కడ గుప్పెడు మొదలవుతుందో చూడండి. అదే వాడు నిలబడి ఉన్న మెట్టు. రెండు దాకా వచ్చి ఉంటే ఇంట్లో మూడుతో ఆడండి. మూడు వస్తే నాలుగుతో. ‘మనం నలుగురం కదా, నాలుగు పళ్ళేలు పెట్టు’ అనండి. ఒక్కో పళ్ళెం పెడుతూ ‘ఇది నాన్నకి, ఇది అక్కకి’ అంటూ పెడతాడు. వందలో ఉన్న తొంభై ఆరు అంకెల కంటే ఈ నాలుగు వాడికి ఎక్కువ మేలు చేస్తాయి.

ఇంట్లో లెక్క తెలుగులో పెట్టండి. మాటలు ఎంత విప్పి చెప్తాయో చూడండి. పదకొండు, పదమూడు, పద్నాలుగు అంటుంటే పది చెవికి వినపడుతూనే ఉంటుంది. ఇలెవెన్, ట్వెల్వ్‌లలో వినపడదు. మనం ‘రెండు గ్లాసులు’ అంటాం, ‘ఇద్దరు పిల్లలు’ అంటాం. రెండు మాటలూ ఒకే లెక్క అని పట్టుకోవడానికి పిల్లలు మనసులో ఎంత పని చేస్తారో! ఆడపడుచుగారి పాప కూడికలు చేస్తోందంటే సంతోషం, చేయనివ్వండి. ఇద్దరినీ ఒక త్రాసులో మాత్రం పెట్టకండి.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్న సలహా దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. దయచేసి వినకండి. మీకు కోపం, ముద్దు, కథ, ఓదార్పు ఏ భాషలో పొంగుకొస్తాయో ఆ భాషలోనే వాడితో మాట్లాడాలి. పిల్లల ఆలోచన మాటల మీద పెరుగుతుంది. పొడి పొడి ఇంగ్లీషులో ‘ఈట్ ఫాస్ట్, కమ్ హియర్’ అనే అమ్మకంటే, తెలుగులో ‘ఎందుకలా అయ్యింది, నువ్వేమనుకుంటున్నావు’ అని అడిగే అమ్మ వాడికి కావాలి. ఇంగ్లీషు స్కూల్లో వస్తుంది. ఒక వాక్యంలో మూడు భాషలు కలిపితే గందరగోళంలో ఉన్నాడని కాదు, చేతికి అందిన మాట వాడుకుంటున్నాడు. మాటలు ఎన్ని వచ్చాయో చూడాలంటే అన్ని భాషల్లోవీ కలిపి చూడాలి, ఒక్క ఇంగ్లీషులోవే కాదు.

దీనికి ఒక ముచ్చట చెప్తాను. పియాజే పుట్టిన 1896లోనే పుట్టి, 37 ఏళ్ళకే పోయిన సోవియట్ పరిశోధకుడు లెవ్ వైగాట్‌స్కీ. కుక్కకు ‘ఆవు’ అని పేరు పెడితే దానికి కొమ్ములుంటాయా అని అడిగితే, ఆవు అన్నాం కాబట్టి ఉండాల్సిందే, చిన్న కొమ్ములైనా ఉంటాయి అని పిల్లలు జవాబు చెప్పడం గురించి ఆయన రాశారు. చిన్నపిల్లలకు పేరు వస్తువులో భాగమే. మీ వాడు అదే గ్లాసులోదాన్ని మీతో నీళ్ళు అని, ఆంటీతో నీరు అని, కింద పిల్లలతో పానీ అని, స్కూల్లో వాటర్ అని అడుగుతున్నాడు. పేరు వేరు, వస్తువు వేరు అని తెలుసుకునే అవకాశం వాడికి రోజూ దొరుకుతోంది. బెంగళూరు పెట్టిన వరం అది.

తనలో తను మాట్లాడుకోవడం గురించి కూడా వైగాట్‌స్కీ చెప్పిందే నాకు నచ్చుతుంది. పని కష్టమయ్యే కొద్దీ పిల్లల్లో ఆ మాటలు ఎక్కువవడం ఆయన గమనించాడు. ‘ఇది ఇక్కడ పెట్టాలి... పట్టట్లేదు... పెద్దది తీసుకుందాం’ అంటూ వాడు తనకు తనే దారి చూపించుకుంటున్నాడు. ముందు మనం వాడికి పైకి చెప్తాం, తర్వాత వాడు తనకు తను పైకి చెప్పుకుంటాడు, ఇంకొన్నేళ్ళకు ఆ మాట లోపలికి వెళ్ళి ఆలోచన అవుతుంది. ఆ సమయంలో ‘ఎవరితోరా మాట్లాడుతున్నావు’ అని ఆపకండి.

చాక్లెట్ అబద్ధం మిమ్మల్ని బాధపెట్టిందని అర్థమైంది. కానీ చూడండి, అబద్ధం చెప్పాలంటే ముందు ఒక పెద్ద సంగతి తెలియాలి: నాకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చు. 1983లో ఆస్ట్రియాలో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పి అడిగారు. మాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకీ తెలుసనే వాళ్ళ నమ్మకం. నాలుగు, ఐదేళ్ళ మధ్య పిల్లలు ‘పాత చోట వెతుకుతాడు, పాపం వాడికి తెలియదుగా’ అనడం మొదలుపెడతారు. మీ వాడు సరిగ్గా ఆ గడప మీద ఉన్నాడు. అమ్మకు తెలియకుండా ఉంచొచ్చని తెలిసింది, మూతి మీది మరక చెప్పేస్తుందని ఇంకా తెలియలేదు. మీకు తెలిసిన సంగతినే ‘తిన్నావా, లేదా’ అని అడిగితే అబద్ధానికి పిలిచినట్టే. ‘చాక్లెట్ తిన్నావు, రా మూతి కడుగుతా. ఈసారి అడిగి తీసుకో’ అనండి, చాలు.

‘రేపు పోయాం’ గురించి అసలు దిగులొద్దు. నిన్న, రేపు అనేవి చేత్తో చూపించలేని మాటలు, నిదానంగా కుదురుకుంటాయి. పైగా కింద ఆడే హిందీ పిల్లలకు రెండింటికీ ‘కల్’ ఒక్కటే మాట.

క్లాసుల సంగతి. చేర్పించకండి. మెదడు చురుకు చేస్తామని డబ్బు తీసుకుని వారానికి రెండు గంటలు కార్డులు తిప్పించేకంటే, ఆ రెండు గంటలు మీ దగ్గర బఠాణీలు ఒలవడం మేలు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, రింగు రోడ్డు ట్రాఫిక్‌లో పడి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మీకు కొత్త పని చెప్పాలని లేదు. స్నానం, అన్నం, నిద్రకు ముందు కథ ఎలాగూ చేసేవే కదా, వాటిలోనే ఇదంతా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని, ఆటపాటలతోనే సాగాలని చెప్పింది. ఫోను మాత్రం తగ్గించండి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదని, ఇంకా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వంటాట, డాక్టరాట, బస్సు కండక్టరాట ఎంతసేపు ఆడినా ఆపకండి. అట్టపెట్టెను బస్సు అనుకోగలిగినవాడు రేపు ‘5’ అనే గీతను ఐదు అనుకోగలడు.

ఇంత చెప్పాక, డాక్టర్‌కు చూపించాల్సిన సంగతులూ చెప్పాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ముఖంలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, మూడు దాటినా రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోవడం, ఉత్తుత్తి ఆటలు అసలు ఆడకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన మాటలు పోవడం. ఇవి ఏ పిల్లల్లో కనపడినా ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి ముందు వినికిడి పరీక్ష చేయించాలి. మన ఊళ్ళోనే నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అక్క గ్లాసుతో పోల్చుకుని ఏడ్చేవాడు, చందమామను చూసి మీతో చెప్పేవాడు, చుట్టూ ఏం జరుగుతోందో బాగా చూస్తున్నాడు.

ఆ చందమామను చివరికి దాచుకున్నాను. ఈసారి ఊరికి రాత్రి ప్రయాణం పడితే, బాగేపల్లి దాటాక వాడు ‘మన వెంటే వస్తున్నాడు’ అనగానే కాదనకండి. దూరం గురించి పాఠం వద్దు. ‘మనం అవ్వ దగ్గరికి పోతున్నాం కదా. ఇప్పుడే ఇంకో కారు అటు బెంగళూరు పోతోంది చూడు. అందులో ఉన్న పిల్లాడి వెంట ఎవరు పోతారు?’ అని అడిగి ఊరుకోండి. కాసేపు ఏమీ మాట్లాడడు. వెనక సీట్లోంచి అక్క జవాబు చెప్పబోతే ఆగమనండి. వాడేం చెప్పాడో నాకు రాయండి.